మొదటి కోత చూసి సీజన్ ధర చెప్పలేం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా ఆటల మీదే. గుంటూరులో ఏ వీధిలో చూసినా నాలుగిళ్ళ పిల్లలు అక్కడే ఉంటున్నారు. వాళ్ళ ఉద్యోగాల కబుర్లతో పాటు వాళ్ళ టీమ్‌ల కబుర్లు కూడా ఫోన్లలో మన ఇళ్ళకి వచ్చేశాయి. ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి, అందులో సగం సాయంత్రాలు బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన నిలబడే గడిపాను. ఇలాంటి ప్రశ్నలొస్తే నాకు పండగే.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి నార్త్ కరోలినాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. వాళ్ళ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్ సీజన్ మొదట్లోనే ఏదో చిన్న కాలేజీ చేతిలో ఓడిపోయిందట. రెండ్రోజులు ఫోన్లో సరిగా మాట్లాడలేదు. ఆటకి ఇంత బాధ అవసరమా? ఆ టీమ్‌కి ఇక ఛాన్స్ లేనట్టేనా?
– ఒక అమ్మ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అవసరమా అని మాత్రం అడక్కండమ్మా. ఏడు నెలలు ఎదురుచూస్తే మొదలైన ఆట అది, నవంబర్ ఓటమి నిజంగానే మండుతుంది. ఛాన్స్ సంగతంటారా, ఎక్కడికీ పోలేదు.

అక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్ మన కార్తీకమాసం రోజుల్లో మొదలై ఉగాది దగ్గర్లో ముగుస్తుంది. నవంబర్, డిసెంబర్‌లలో ఎక్కడెక్కడి కాలేజీలతోనో ఆడతారు. ఆ తర్వాత ఎక్కువగా సొంత కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల కూటమి) జట్లతో మ్యాచ్‌లు. మార్చిలో 68 జట్ల నాకౌట్ టోర్నమెంట్, ఒక్కటి ఓడితే ఇంటికే. ఛాంపియన్ ఎవరో తేలేది అక్కడ. ఇవేవీ మొదలవకముందే పత్రికల వాళ్ళు ఓట్లేసి టాప్ 25 జాబితా ఇచ్చేస్తారు. మీ అబ్బాయి ఉండే రాష్ట్రం సంగతే చూడండి. 2022లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా జట్టుని సీజన్‌కి ముందు నంబర్ వన్ అన్నారు. మార్చి వచ్చేసరికి ఆ 68లో చోటే దక్కలేదు. టోర్నమెంట్‌ని 64 జట్లకి పెంచిన 1985 నుంచి, నంబర్ వన్‌గా మొదలుపెట్టి టోర్నమెంట్‌కే రాలేకపోయిన మొదటి జట్టు అదే.

ఇంకోటి నా కళ్ళతో చూసింది. 2010 నవంబర్‌లో మా అమ్మాయి పురిటికని కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ వెళ్ళాను. బాలింతకి పథ్యం వంట, పసిగుడ్డుకి స్నానం, సాంబ్రాణి, పగలంతా వాటికే సరిపోయేది. రాత్రి పది దాటాక పాపని ఒళ్ళో వేసుకుని, టీవీ సౌండ్ బాగా తగ్గించి కూర్చునేదాన్ని. హవాయిలో మావి అనే దీవిలో టోర్నమెంట్ జరుగుతోంది. కనెక్టికట్ యూనివర్సిటీ జట్టు యూకాన్‌కి అప్పుడు టాప్ 25లో పేరే లేదు. వాళ్ళు రెండో ర్యాంకు మిషిగన్ స్టేట్‌ని మూడు పాయింట్ల తేడాతో ఓడించి, ఫైనల్లో కెంటకీని 84-67తో చిత్తు చేశారు. అంతా కెంబా వాకర్ అనే కుర్రాడి చలవ. బాస్కెట్‌బాల్‌కి ఏమంత పొడగరి కాదు. బంతిని ఒక్కసారి గట్టిగా నేలకేసి, దూసుకుపోతున్నట్టు భుజం వంచుతాడు. ఎదుటివాడు కంగారుగా వెనక్కి తగ్గుతాడు. సరిగ్గా అప్పుడే ఇతను ఒక్క అడుగు వెనక్కేసి పైకి లేస్తాడు. ఆ ఒక్క అడుగులో షాట్‌కి కావలసినంత చోటు. పాప నిద్రపోయినా పడుకోబెట్టకుండా అలాగే చూస్తూ ఉండిపోయాను.

తర్వాత కాన్ఫరెన్స్‌లో 9 గెలిచి 9 ఓడారు. ఫిబ్రవరి మంచు కరిగేలోపు మా అల్లుడు వాళ్ళ మీద ఆశ వదిలేశాడు. మార్చిలో బిగ్ ఈస్ట్ అనే వాళ్ళ కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లో ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు ఆడి ఐదూ గెలిచారు. పిట్స్‌బర్గ్ మీద ఆఖరి క్షణంలో వాకర్ వేసిన షాట్ ఉంది చూడండి, మావిలో నేను చూసిన అడుగే అది. ఏప్రిల్ 4న బట్లర్‌ని 53-41తో ఓడించి దేశానికే ఛాంపియన్లయ్యారు. తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటూ ఆ ఫైనల్ చూశాను. నవంబర్ నాకు ఆ అడుగు చూపించింది. ఎన్ని గెలుస్తారో మాత్రం నవంబర్‌కీ తెలియదు.

చిన్న కాలేజీ చేతిలో ఓడటమంటారా, దానికీ పెద్ద చరిత్రే ఉంది. 1982 డిసెంబర్ 23న హవాయిలో చామినాడ్ అనే ఊరూపేరూ తెలియని కాలేజీ, నంబర్ వన్ వర్జీనియాని 77-72తో ఓడించింది. వర్జీనియాలో ఏడడుగుల నాలుగంగుళాల రాల్ఫ్ శాంప్సన్ ఉన్నాడు, అయినా ఓడింది. అదే వర్జీనియా ఆ సీజన్ చివర్లో ఆఖరి 8 జట్లలో నిలిచింది. నేను పాపనెత్తుకుని చూసిన మావి టోర్నమెంట్ పుట్టింది కూడా చామినాడ్ గెలుపు పుణ్యమే.

బాబు ఈసారి ఫోన్ చేసినప్పుడు స్కోరు ఎత్తకండి. ‘‘మీవాళ్ళు ఫ్రీ త్రోలు ఎన్ని పోగొట్టుకున్నారు నాన్నా?’’ అని అడగండి. ఎదుటివాళ్ళు ఫౌల్ చేస్తే అడ్డం లేకుండా వేయనిచ్చే షాట్లవి. గంట సేపు మాట్లాడతాడు.

ప్రశ్న: బేస్‌బాల్‌లో మా ఫేవరెట్ ప్లేయర్ మొదటి 7 మ్యాచ్‌ల్లో 5 హోమ్ రన్లు కొట్టాడు. సీజన్‌కి 162 మ్యాచ్‌లు. లెక్కేస్తే 115 వస్తోంది. రికార్డు 73 కదా, బద్దలైనట్టేనా? రూమ్‌లో బిర్యానీ పందెం కాశాను.
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, సత్తెనపల్లి

జవాబు: బాబూ, వీలైతే పందెం వెనక్కి తీసుకో.

మీ వైపు మిర్చి వేస్తారు కాబట్టి నీకు వేరే చెప్పక్కర్లేదు. మొదటి కోత కాయ ఎర్రగా నిగనిగలాడుతూ యార్డుకొస్తుంది. పై కోతలకి వెళ్ళేకొద్దీ తాలు పెరుగుతుంది. మొదట దిగిన టిక్కీలు (మిర్చి బస్తాలు) చూసి సీజనంతా ఇదే సరుకు, ఇదే ధర అని ఏ రైతూ అనుకోడు. మన సిక్సర్ల లాంటి ఆ హోమ్ రన్లు కూడా ఏప్రిల్లో మొదటి కోతే.

1994 ఏప్రిల్ 4న షికాగోలో తొలి మ్యాచ్. కబ్స్ జట్టు ఆటగాడు టఫీ రోడ్స్, డ్వైట్ గుడెన్ లాంటి పేరుమోసిన పిచర్ (మన బౌలర్ లాంటివాడు) బంతుల్ని మూడుసార్లు హోమ్ రన్ కొట్టాడు. సీజన్ ముగిసేసరికి అతని మొత్తం 8. ఆ ఏడాది సమ్మె వల్ల ఆగస్టులోనే ఆట ఆగిపోయిన మాట నిజమే. అయినా మొదటిరోజు మూడు తీసేస్తే, మిగిలిన నాలుగు నెలలకీ ఐదు! 2006లో డిట్రాయిట్ ఆటగాడు క్రిస్ షెల్టన్ మొదటి 13 మ్యాచ్‌ల్లో 9 కొట్టాడు. ఏప్రిల్ అయ్యేసరికి 10. మొత్తం సీజన్‌కి 16. జులై ఆఖరుకల్లా అతన్ని కింది లీగ్‌కి పంపేశారు.

ఎందుకిలా అంటే, ఎదుటి జట్ల వాళ్ళు ఖాళీగా కూర్చోరు. ఏ బంతిని కొడుతున్నాడు, ఎక్కడ వేస్తే తడబడుతున్నాడు అని వీడియోలు చూసి రాసుకుంటారు. అతనికి ఇష్టమైన చోట ఇక బంతి పడదు. అప్పుడు కూడా ఆగి, మంచి బంతి కోసం ఎదురుచూడగలిగినవాడే నిజమైన స్లగ్గర్, అంటే భారీ షాట్ల వీరుడు. పిచర్ సరైన చోట వేయని బంతులు నాలుగు వదిలేస్తే బ్యాటర్‌కి మొదటి బేస్ ఉచితం, దాన్ని వాక్ అంటారు. నేనైతే ఏప్రిల్లో హోమ్ రన్లకంటే వాక్స్ ముందు చూస్తాను.

2024లో న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ మే మొదట్లో .200 సగటు దగ్గర, అంటే ఐదుసార్లకి ఒక్క హిట్ దగ్గర, కొట్టుమిట్టాడుతున్నాడు. సొంత ఊరి జనమే అరిచి గోల చేశారు. అతను మాత్రం చెత్త బంతుల వెంట పడలేదు. సీజన్ చివరికి 58 హోమ్ రన్లు, .322 సగటు, 133 వాక్స్. మొదటి నెల చూసి అతన్ని వద్దనుకున్నవాళ్ళు ఎంత ఆట పోగొట్టుకున్నారో!

రోడ్స్ కథ అక్కడితో అయిపోలేదు, అది నాకెంతో ఇష్టం. అతను జపాన్ వెళ్ళి 2001లో 55 హోమ్ రన్లు కొట్టి, అక్కడి దిగ్గజం సదాహరు ఓ రికార్డుని సమం చేశాడు. షికాగోలో ఆ మొదటిరోజు కనిపించిన బలం నిజమైనదే. అది పంటకి రావడానికి ఏడేళ్ళు పట్టింది.

ప్రశ్న: అమెరికా మ్యాచ్‌లు ఏ టైమ్‌లో చూడాలి? రిటైరయ్యాను, తీరిక ఉంది.
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: తూర్పు తీరంలో సాయంత్రం ఏడింటి మ్యాచ్ నవంబర్‌లో మనకి తెల్లవారుజామున ఐదున్నరకి వస్తుంది. వేసవిలో వాళ్ళు గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి ఏప్రిల్లో నాలుగున్నరకే. కార్తీకంలో నేను తులసికోట దగ్గర దీపం పెట్టి, కాఫీ కలుపుకుని కూర్చుంటే పాలప్యాకెట్ వచ్చేసరికి ఫస్టాఫ్ అవుతుంది. మగవాళ్ళ కాలేజీ ఆటలో 20 నిమిషాల హాఫ్‌లు రెండే. బేస్‌బాల్‌కి మాత్రం టిఫిన్ కూడా టీవీ ముందే.

ప్రశ్న: మేడమ్, సిక్సర్ కొట్టడం కష్టమా, హోమ్ రన్ కష్టమా? మా క్లాస్‌లో గొడవ.
– పదో తరగతి విద్యార్థి, మంగళగిరి

జవాబు: నా ఓటు హోమ్ రన్‌కి నాన్నా, క్రికెట్ ప్రాణమైనా సరే. మన బ్యాట్ చదును, నాలుగుంపావు అంగుళాల వెడల్పు దాకా ఉండొచ్చు. వాళ్ళది గుండ్రటి కర్ర, రెండున్నర అంగుళాలు దాటి కాస్త. బంతి నేలని తాకకుండా నేరుగా వస్తుంది. గంటకి 150 కిలోమీటర్ల వేగంతో వేస్తే బ్యాటర్ దగ్గరకి రావడానికి సెకన్‌లో సగం కూడా పట్టదు. పైగా ముందున్న రెండు గీతల మధ్యలోకే కొట్టాలి. మన ఫైన్ లెగ్ సిక్సర్ అక్కడ ఫౌల్.

అందుకే గొప్పవాళ్ళు కూడా అన్నిసార్లు విఫలమవుతారు. రెజీ జాక్సన్ 563 హోమ్ రన్లు కొట్టాడు, 2,597 సార్లు స్ట్రైకౌట్ (బంతిని కొట్టలేక అవుట్) అయ్యాడు. ఇంతవరకు అన్నిసార్లు అయినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఇంకో చిత్రం చెబుతాను, క్లాస్‌లో చెప్పు. మన తెలుగువాడు సి.కె.నాయుడు 1926లో బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎమ్‌సీసీ జట్టు మీద 153 పరుగులు చేస్తూ 11 సిక్సర్లు బాదాడు. సరిగ్గా మరుసటి ఏడాదే అమెరికాలో బేబ్ రూత్ ఒక్క సీజన్‌లో 60 హోమ్ రన్లు కొట్టాడు. 2025లో సియాటిల్ క్యాచర్ కాల్ రాలీ అదే 60ని అందుకున్నాడు. క్యాచర్ అంటే మన వికెట్‌కీపర్ లాంటివాడు. మ్యాచంతా గొంతుక్కూర్చుని, ఆ మోకాళ్ళతోనే లేచి వచ్చి అన్ని కొట్టాడు.

ప్రశ్న: మా పాపకి 13 ఏళ్ళు. ఇష్టపడి బాస్కెట్‌బాల్ నేర్చుకుంది. మొదటి టోర్నమెంట్‌లో ఒక్క బాస్కెట్ కూడా పడలేదు. టెన్షన్‌తో అన్నం కూడా తినలేదు, మానేస్తానంటోంది. మాన్పించమంటారా?
– ఒక తండ్రి, పటమట, విజయవాడ

జవాబు: వద్దండీ. దయచేసి వద్దు.

అమెరికాలో కెయిట్లిన్ క్లార్క్ అనే అమ్మాయి ఉంది. అయోవా యూనివర్సిటీకి ఆడి 3,951 పాయింట్లు చేసింది. మగవాళ్ళలో పీట్ మారవిచ్ పేరు మీద దశాబ్దాలుగా ఉన్న 3,667నీ దాటేసింది. ఆ రికార్డు సీజన్ మొదట్లో, 2023 నవంబర్‌లో, కాన్సాస్ స్టేట్‌తో సొంత కోర్టులో మ్యాచ్. 32 షాట్లు వేస్తే 9 పడ్డాయి. దూరం నుంచి 16 వేస్తే రెండే. 65-58తో ఓడిపోయారు. అదే జట్టు ఏప్రిల్లో జాతీయ ఫైనల్ దాకా వెళ్ళింది. ఆ ఫైనల్‌ని టీవీలో చూసినవాళ్ళు మగవాళ్ళ ఫైనల్ చూసినవాళ్ళకంటే ఎక్కువ.

నా అనుభవం కూడా చెప్పాలి. మా కాలేజీది సిమెంట్ కోర్టు. దుమ్ముకి కాళ్ళు జారకుండా గీత పక్కన తడి గోనెసంచి పరిచేవాళ్ళం. పిల్లలు షూ అడుగులు దానికి రాసుకుని లోపలికి వెళ్ళేవాళ్ళు. ఒక ఏడాది ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో తొలి మ్యాచ్‌కి ఒకమ్మాయి 22 పాయింట్లు కొట్టింది. ఇంకో అమ్మాయికి ఒక్కటీ పడలేదు. నేను మొదటి అమ్మాయికే బంతి ఇవ్వమన్నాను, రెండో అమ్మాయిని బెంచి మీద కూర్చోబెట్టాను. సెమీఫైనల్లో మొదటి అమ్మాయికి ఇద్దరు అడ్డం నిలబడ్డారు. బంతి అందుకునేవాళ్ళు లేక ఓడిపోయాం. రెండో అమ్మాయి మరుసటి ఏడాది ప్రాక్టీస్‌కే రాలేదు. ఆ తప్పు నాది. ఆ పిల్ల మొహం నాకింకా గుర్తుంది.

అప్పుడు నేను చూడాల్సింది ఒకటుంది. ఆ అమ్మాయి వేసిన షాట్లన్నీ రింగ్ వెనక అంచుకే తగిలాయి. ఎడమకీ కుడికీ ఒక్కటీ పోలేదు. అంటే గురి సరిగ్గానే ఉంది, కాస్త బలం ఎక్కువైంది. వారం రోజుల్లో సర్దుకునే విషయం.

మీ పాపని అడగండి, బంతి ఎక్కడ తగిలిందో. ముందు అంచుకో వెనక అంచుకో అయితే భయం లేదు. మోకాళ్ళు ఎంత వంచుతోందో కోచ్‌ని చూడమనండి. పక్కలకి పోతుంటే మోచెయ్యి బయటికి తిరుగుతోందేమో చూడాలి. రోజూ ఫ్రీ త్రో గీత దగ్గర నుంచి యాభై షాట్లు వేయించండి, లెక్క మీరే రాయండి. పడినవి ఒక పక్క, ఎటు తప్పాయో ఇంకో పక్క. ఆడే చోట రింగ్‌కి నెట్ చిరిగిపోయి ఉంటే ముందు అది మార్పించండి. బంతి నెట్‌లోంచి జారేటప్పుడు వచ్చే ఆ చప్పుడు పాప చెవిన పడాలి.