సర్వే నంబర్లు, ఎస్‌టీడీ కోడ్లు పాండాస్‌లో ఎందుకు మారిపోతాయి?

ప్రశ్న: సార్, నేను కడపలో బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నా. మా మామ పొలాల కాగితాల పని చూస్తాడు, ఆయన కోసం రైతుల ఫైలు, పంటల ఫైలు రెండూ సర్వే నంబరు పట్టుకుని పైథాన్‌లో పట్టికల పని చేసే పాండాస్ లైబ్రరీతో మెర్జ్ చేయబోతే, అంటే కలపబోతే, ఒక కాలమ్ ఇంట్ (పూర్ణాంకాలు), ఇంకోటి ఆబ్జెక్ట్ (టెక్స్ట్) అని ఎర్రర్ వస్తోంది. పైగా ల్యాండ్‌లైన్ నంబర్ల కోడ్ 08562 కాస్తా 8562 అయింది. టైప్ దానంతటదే కనుక్కోవడం జావా భాషలోని వార్ (var) అనే పదంతో కూడా ఉంది కదా, అక్కడ ఈ గొడవ ఎందుకు రాదు?

జవాబు: ఎర్రర్ వచ్చి ఆగడం మీకు మంచిదే అయింది. సీఎస్వీ అంటే ఉత్త టెక్స్ట్, ఏ కాలమ్ ఏ టైపో అందులో ఎక్కడా రాసుండదు, అందుకని పాండాస్ గడుల్లో ఉన్నవి చూసి ఊహిస్తుంది, అన్నీ అంకెలైతే ఇంట్ అనుకుంటుంది, అంకెగా మారనిది ఒక్కటి కనపడినా కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్‌గా వదిలేస్తుంది. మీ రైతుల ఫైల్లో అన్నీ 112, 113 లాంటి ఒట్టి నంబర్లే ఉండుంటాయి, పంటల ఫైల్లో ఎక్కడో ఒక 112/2 ఉంటుంది, వెతకండి. ముందున్న సున్నా పోయిందీ ఇందుకే, సంఖ్యగా చూస్తే దానికి విలువ లేదు కదా.

నాకు ఎక్కువ భయం సద్దు లేకుండా జరిగే తప్పులంటేనే. సబ్‌డివిజన్ అక్షరం వల్ల 12ఇ2 అనే నంబరు ఇంగ్లీష్ అక్షరంతో ఉందనుకోండి, మిగతావన్నీ అంకెలే అయితే, ఇ2ని పది వర్గంతో గుణించమని అర్థం చేసుకుని అది 1200 అయి కూర్చుంటుంది. బ్యాంకు ఖాతా నంబర్ల కాలమ్‌లో ఒక్క గడి ఖాళీ ఉంటే కాలమంతా ఫ్లోట్, అంటే దశాంశ సంఖ్యలు, అయిపోతుంది, అందులో 9007199254740992 దాటిన నంబర్ల చివరి అంకెలు మారిపోవచ్చు. ఎక్సెల్ గొడవైతే ఎంత పెద్దదంటే మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లను అది తేదీలు చేసేస్తోందని 2020లో వాటికి పేర్లు పెట్టే కమిటీ ఆ పేర్లనే మార్చుకుంది.

ఇంక వార్ సంగతి. జావా 10లో, అంటే 2018లో వచ్చిన ఈ వార్‌లో ఊహ అనేదే లేదు, కుడిపక్కన మీరు రాసిన కోడ్ చూసి కంపైలర్ టైప్ తేలుస్తుంది, ఒకసారి ఇంట్ అని తేల్చాక అందులో స్ట్రింగ్, అంటే టెక్స్ట్, పెట్టబోతే ఒప్పుకోదు. రాబిన్ మిల్నర్ 1978లో ఎంఎల్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం చూపించిన పద్ధతి ఇంకా ముందుకెళ్తుంది, ఎక్కడా టైప్ రాయకపోయినా ఫంక్షన్ల టైపులన్నీ తేల్చేస్తుంది. వాటికి కావాల్సిన ఆధారమంతా ప్రోగ్రాంలోనే ఉంది. పాండాస్‌కి ఈరోజు ఫైల్లో పడిన విలువలే ఆధారం, రేపు ఒక రైతు పొలం పంచుకుని కొత్త సబ్‌డివిజన్ వస్తే అదే కాలమ్ టైప్ మారిపోతుంది.

కాబట్టి ఫైలు చదివే రీడ్ సీఎస్వీ (read_csv)లో డీటైప్‌కి ఎస్‌టీఆర్ (dtype=str) ఇచ్చి అంతా టెక్స్ట్‌గానే చదవండి, తర్వాత కూడికలు చేసే కాలమ్‌లు మాత్రమే, మీ విషయంలో విస్తీర్ణం ఎకరాలు, నంబరుగా మార్చుకోండి. అయితే ఆ ఫైలు మధ్యలో ఎవరైనా ఎక్సెల్లో తెరిచి సేవ్ చేసుంటే 12/3 అప్పటికే 12-మార్చ్ అయిపోయుంటుంది, అది 12/3నో 12-3నో పైథాన్ చెప్పలేదు, 1బి కాగితం దగ్గర పెట్టుకుని సరిచూసుకోవాల్సిందే.