పాప "నాన్న పార్టీ" ఎందుకైంది?

ప్రశ్న: మేడమ్, మేం అరిజోనాలో ఉంటాం. పోయిన వేసవిలో జాయన్ పార్కుకు వెళ్తూ దారిలో పెట్రోలు కోసం ఆగితే, మెడ నుంచి మడమల దాకా గౌన్లు వేసుకుని, జుట్టు ఎత్తుగా దువ్వుకున్న ఆడపిల్లలు కనిపించారు. అది కొలరాడో సిటీ అని, అక్కడి మతంలో ఒక్కో మగాడికి చాలామంది భార్యలని తర్వాత తెలిసింది. అక్కడి నుంచి పారిపోయి వచ్చిన కరోలిన్ జెస్సాప్ ఆత్మకథ తెప్పించుకుని చదివాను. అప్పటి నుంచి నిద్ర లేదు. నేనూ ఉద్యోగం చేస్తాను. జీతం మా వారు చూసే అకౌంట్లో పడుతుంది. మా అమ్మ మందులకు పంపాలన్నా అడగాలి. ఏదైనా అంటే "నీకేం తెలుసు" అంటారు. పాప నవ్వుతుంది, నేనూ నవ్వేస్తాను. ఆయన చెడ్డవారు కాదు. పాపకు పదమూడేళ్ళు, తెలివైనది, వాళ్ళ నాన్న పార్టీ. ఆయనతో ఈ పుస్తకం చదివిస్తే మారతారా?

జవాబు: చదివించకండి. ఆయన చదవరు. చదివినా "చూశావా, నువ్వెంత అదృష్టవంతురాలివో" అంటారు. ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేద్దాం.

మీ ఆయన్ని ఆ పుస్తకంలో మనిషితో పోల్చడం కూడా మానేయండి. పిల్లల డాక్టరు కావాలనుకున్న పద్దెనిమిదేళ్ళ కరోలిన్ చదువుకు వాళ్ళ మతపెద్ద పెట్టిన షరతు, ముందు పెళ్ళి. అదీ యాభై ఏళ్ళ ఆయనకి నాలుగో భార్యగా. మీ కష్టం వేరు, దాన్ని దాని పేరుతోనే పిలుద్దాం.

ఉత్తరంలో నన్ను గుచ్చింది మీ జీతం కాదమ్మా, "వాళ్ళ నాన్న పార్టీ" అన్న మాట. మనిళ్ళల్లో ముద్దుగా అనే మాటే, నేనూ మా అమ్మాయిని అన్నాను. కానీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో పిల్లలు మనకంటే ముందే కనిపెట్టేసి అటు జరుగుతారు.

2003 ఏప్రిల్లో ఓ తెల్లవారుజామున ఎనిమిది మంది పిల్లల్ని వ్యానెక్కించుకుని, చేతిలో ఇరవై డాలర్లతో కరోలిన్ బయటపడడం అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం ఆవిడ పెద్దమ్మాయే గుర్తుంది. తల్లి ప్రాణాలకు తెగించి తెచ్చుకున్న పిల్ల, 2007లో పద్దెనిమిది నిండగానే మళ్ళీ అక్కడికే వెళ్ళిపోయింది. ఆ పేజీల దగ్గర మీరు ఆగలేదా?

అక్కడి ఆడవాళ్ళకు నూరిపోసే మంత్రం "కీప్ స్వీట్". ఏం జరిగినా మొహం మీద నవ్వు చెరగకూడదు. మనం దాన్నే సర్దుకుపోవడం అంటాం. సంసారం నిలుపుకోవాలనే పాతకాలపు మనిషిని నేను, సర్దుకుపోవడాన్ని తప్పు పట్టను. కానీ మిమ్మల్ని చిన్నబుచ్చినప్పుడు మీరు నవ్వితే, పాపకి మీరే లైసెన్సు ఇచ్చినట్టు. ఈ విషయంలో నాకు మీ ఆయన మీద కంటే మీ మీదే కోపం ఎక్కువ.

అలాగని పాపని కూర్చోబెట్టి క్లాసు పీకకండి. 1953లో అరిజోనా ప్రభుత్వం పోలీసులతో అదే ఊరి మీద పడి 263 మంది పిల్లల్ని పట్టుకెళ్ళింది. చాలామంది తిరిగొచ్చేశారు, ఊరు ఇంకా బిగుసుకుంది. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్ళు ప్రభుత్వం వాళ్ళ జోలికి పెద్దగా పోలేదు. మీ అమ్మాయి మీద కూడా దాడికి దిగితే జరిగేది అదే.

బ్యాంకులో మీ ఒక్కరి పేరు మీద అకౌంటు తెరవండి. ముందురోజు రాత్రే ఆయనకు చెప్పండి, దొంగతనంగా వద్దు. మీ అమ్మ మందుల డబ్బు ఇకనుంచి అందులోంచి వెళ్తుంది, ఎంతన్నది మీ ఇష్టం. వెళ్ళేటప్పుడు పాపని వెంట తీసుకెళ్ళండి. ఎందుకని అడిగితే "అమ్మమ్మకి మందులు పంపాలి" అనండి, అంతే.

ఈసారి భోజనాల దగ్గర "నీకేం తెలుసు" అన్నప్పుడు పాప ముందు మీ మొహమే చూస్తుంది. నవ్వకండి. చేతిలో గరిటె పక్కన పెట్టి, "ఏం తెలియదో చెప్పండి, నేర్చుకుంటాను" అని మామూలు గొంతుతో అడగండి. ఆయన చెప్పేదాకా పప్పు వడ్డించకండి.