పాచి పనికి పోతా ఉన్నట్టు ఇంట్లో ఎట్ల చెప్పేది?

ఒక ఉత్తరం వచ్చింది, తిరుపతి కొర్లగుంట నుంచి. రాసినామె పేరు రాయొద్దంది, రాయను. వయసు 38. ఆయన బట్టల అంగడి పెట్టి అప్పులై మూసేసి ఏడాది దాటింది, ఇప్పుడు ఎవరైనా పిలిస్తే ట్రావెల్స్ కారు తోలతాడు, లేదంటే ఇంట్లోనే. అత్త ఉంది, ఇంటర్ సెకండియర్ కూతురు, ఎనిమిది చదివే కొడుకు. ఈమె ఐదు నెలల నుంచి ఎయిర్ బైపాస్ రోడ్డు పక్కన ఒక అపార్ట్‌మెంట్లో మూడు ఇళ్ళల్లో పని చేస్తా ఉంది, ఇంట్లో మాత్రం కొరియర్ ఆఫీసులో కవర్లు సర్దే పని అని చెప్పింది. పోయిన వారం కూతురి క్లాస్‌మేట్ ఒకమ్మాయి అదే అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఈమెని మాప్, బకెట్‌తో చూసింది. అప్పట్నుంచి కూతురు మాట్లాడడం లేదు. "అక్కా, పని మానేసేదా, ఇంట్లో చెప్పేదా? చెప్తే మా ఆయన నా పరువు తీసినావంటాడు, మా అత్త ఊరంతా చెప్తాది" అని అడిగింది.

నువ్వు అక్కా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తా.

నీ ఉత్తరంలో ముక్కాలు భాగం మీ ఆయన గురించే రాసినావు, మీ అత్త గురించి రాసినావు, కానీ నా కన్ను ఆగిపోయింది మాత్రం చివర్లో ఎక్కడో రాసిన ఒక్క లైన్ దగ్గర. పై ఫ్లోర్ మేడంని జీతం పెంచమని అడిగితే "మీ ఆయనకి తెలుసా నువ్వు ఇక్కడ చేస్తున్నట్టు?" అని నవ్వతా అడిగిందని రాసినావే, అది. అది కుశలప్రశ్న కాదు తల్లీ. ఆమె చేతిలో నీ గుట్టు ఉంది, అది ఆమెకి బాగా తెలుసు.

లెక్క చూద్దాం, నువ్వు రాసిన అంకెలే. ఆమె ఇంట్లో నువ్వు మొదట ఒప్పుకున్నది బోకులు తోమడం, కసువు చిమ్మడం, తడిగుడ్డ పెట్టడం, ఈ మూడే, నెలకి 2,500, గంటంబావులో అయిపోయేది. తర్వాత రెండు బాత్రూములు వచ్చి చేరినాయి, బాల్కనీ వచ్చింది, శనివారం పూజ సామాను తోమేది వచ్చింది, ఇప్పుడు రెండున్నర గంటలు పడతా ఉంది. రోజుకి గంటంబావు లెక్కన నెలకి ముప్పై ఏడున్నర గంటలు, గంటకి 66 రూపాయలు పడేది. ఇప్పుడు 75 గంటలు, అదే 2,500, గంటకి 33. అంటే ఆమె నీకు జీతం పెంచకుండా ఆపిందని నువ్వు అనుకుంటా ఉండావు, నిజానికి ఆమె సగం కోసేసింది. మిగతా రెండు ఇళ్ళల్లో అట్ల జరగలేదు చూడు, వాళ్ళకి నీ ఇంటి సంగతి తెలీదు.

అందుకే పని మానేయాలా ఇంట్లో చెప్పాలా అని నువ్వు రెండు దారులు పెట్టినావు గానీ నాకు ఒకటే కనిపిస్తా ఉంది. దాచిపెట్టినంత కాలం ఆ అపార్ట్‌మెంట్లో నీకు బేరం ఆడే నోరు ఉండదు, ఇంట్లో అలిసిపోయినా అని చెప్పుకునే నోరు కూడా ఉండదు. మొబ్బుతో నాలుగ్గంటలకి లేచి ఇంట్లో పని చేసి, పిల్లలకి క్యారియర్లు కట్టి, ఆరున్నరకి అక్కడ లిఫ్టు ఎక్కి, పదకొండు దాటినాక ఇంటికొచ్చి మళ్ళా వంట. కవర్లు సర్దే మనిషికి నడుము ఎందుకు నొప్పి వస్తాదని మీ అత్త అడిగితే ఏం చెప్తావు? చేతులు అట్ల పగిలిపోయినాయేమని మీ ఆయన అడిగితే?

ముందు ఎవరికి చెప్పాలి అంటే, కూతురికి. మీ ఆయనకి కాదు. ఆ పిల్లకి ఇప్పటికే తెలుసు, అది కూడా పక్కోళ్ళ నోటి నుంచి తెలిసింది, ఎక్కువ మంటంతా దానికే ఉంటాది. వారం నుంచి మాట్లాడడం లేదంటే నువ్వు చేసే పనికి సిగ్గుపడి అనే నువ్వు అనుకుంటా ఉండావు, కొంత అదీ ఉండొచ్చు, పదిహేడేళ్ళ పిల్ల, కాలేజీలో నలుగురి ముందు పడాల, లేదని నేను చెప్పను. కానీ ఇంకొకటి ఉంది. నాన్నకి చెప్పాలా వద్దా అనే బరువు దాని నెత్తిన పడింది. నువ్వు చెప్పమనలేదు, వద్దనలేదు, అది మోస్తా ఉంది. దాన్ని కూర్చోబెట్టి ఇట్ల చేస్తా ఉండా, ఇన్ని ఇళ్ళు, ఇంత వస్తాది, నాన్నకి ఈ ఆదివారం నేనే చెప్తా, నువ్వు ఎవరికీ ఏమీ దాచాల్సిన పని లేదు అని చెప్పు. గర్వపడమని అడగొద్దు. మీ కోసమే చేస్తా ఉండానే అని ఏడవొద్దు, అది విన్న పిల్లకి నోరు మూతపడుతుందే గానీ మనసు తెరుచుకోదు. క్లాస్‌మేట్ ఏమన్నా అంటే ఏం చెప్పాలో దాన్నే ఆలోచించుకోమను, నువ్వు డైలాగులు నేర్పొద్దు.

ఇంక మీ ఆయన. అంగడి షట్టర్ దించిన రోజే ఆయన పరువు పోయిందని ఆయన మనసులో ఉంది, నీ పని సంగతి తెలిస్తే అది ఊరందరికీ చాటినట్టు అనిపిస్తాది, కోపం వస్తే దాని మీద వచ్చే కోపమే తప్ప నీ మాప్ మీద కాదు. అది తెలుసుకుని మాట్లాడు, కానీ ఆ మాట మాత్రం ఆయనతో అనొద్దు. మీ అత్త ఉండగా వద్దు, కొడుకు ఉండగా వద్దు, తాగి వచ్చిన రోజు అసలే వద్దు. భోజనం అయినాక మిద్దె పైకి తీసుకుపో. పొడుగ్గా ముందు కథ చెప్పకుండా మొదటి మాటే అది పెట్టు: "కొరియర్ ఆఫీసు అని చెప్పింది అబద్ధం, ఐదు నెలల నుంచి మూడిళ్ళల్లో పని చేస్తా ఉండా, నీకు చెప్తే వద్దంటావని చెప్పలేదు, తప్పే." అబద్ధానికి సారీ చెప్పు. పనికి చెప్పొద్దు. ఈ రెండూ కలిపేస్తే ఆయన అబద్ధాన్ని పట్టుకుని పని మాన్పించేస్తాడు, నా దగ్గరికొచ్చిన ఆడవాళ్ళల్లో చానా మందికి జరిగింది ఇదే.

డ్వాక్రా కంతు దీంట్లోనే కడతా ఉండా, పాప ఫీజు దీంట్లోనే కట్టినా అని లెక్క చెప్పొచ్చు, ఒక్కసారి. రెండోసారి చెప్తే దెప్పినట్టు అయిపోతాది. నాలుగు రోజులు మాట్లాడడు, అన్నం దగ్గర మొహం తిప్పుకుంటాడు, అది నువ్వు ఓర్చుకోవాల్సిందే, ఐదు నెలలు దాచినావు కదా. కానీ చెయ్యి చేసుకుంటే మాత్రం ఓర్చుకునే పని లేదు, మహిళా హెల్ప్‌లైన్ 181, అర్జెంటు అయితే 112, ఈ నంబర్లు కూతురికీ తెలిసి ఉండనీ.

మీ అత్త "మన ఇంటా వంటా ఎవరూ ఒకరి బోకులు తోమలేదు" అంటాది, రాసిపెట్టుకో. అననీ. ఈ ఊర్లో సగం మంది కొండకి వచ్చే జనానికి ఏదో ఒకటి చేసే బతుకుతా ఉండారు, లాడ్జీల్లో దుప్పట్లు మార్చేవాళ్ళు, గుండ్లు గీసేవాళ్ళు, మీ ఆయన తోలే కారు ఎవరి కోసం? ఈ మాట మీ అత్తతో అనమని కాదు, ఊరికే నాకు అనిపించింది చెప్తా ఉండా.

ఇప్పుడు మేడం దగ్గరికి వస్తాం. ఇంట్లో చెప్పినాక, ముందు కాదు, ఒక కాగితం తీసుకుని ఆ ఇంట్లో నువ్వు చేసే పనులన్నీ వరసగా రాయి. బోకులు, కసువు, తడిగుడ్డ ఇవి పాత జీతానికి. బాత్రూములు ఎన్ని, వారానికి ఎన్నిసార్లు, బాల్కనీ, పూజ సామాను, వీటికి వేరే. అన్నీ చేయమంటే గంటకి 66 లెక్కన ఐదు వేలు అవుతాది, ఆమె నాలుగు వేల దగ్గర ఆగొచ్చు, అయితే బాల్కనీ, పూజ సామాను నేను చేయను అను. బేరం అంటే ఇదే, ఇన్నాళ్ళూ నీకు చేతకాక కాదు. మళ్ళీ "మీ ఆయనకి తెలుసా" అంటాది. "తెలుసు మేడం" అని చెప్పి ఆమె మొహం చూడు, నేను కూడా పక్కనుంటే బాగుండు అనిపిస్తా ఉంది.

ఇంకొకటి తిరుపతిలో మాత్రమే ఉండే తలనొప్పి, దర్శనం చుట్టాలు. బెంగళూరు నుంచో మద్రాసు నుంచో ఎనిమిది మంది దిగబడతారు, మొబ్బుతో కొండెక్కి రాత్రికి దిగుతారు, రెండు రోజుల బోకులు సింకు నిండా, నేలంతా కాళ్ళ మట్టి, బాత్రూములో గుండ్ల మీది గంధం మరకలు, అన్నీ నువ్వే. చివరికి పోతా పోతా చేతిలో ఒక లడ్డు పెడతారు. ప్రసాదం కళ్ళకద్దుకుని తీసుకో, కానీ 50 రూపాయల లడ్డు జీతం కాదు. నలుగురి కన్నా ఎక్కువ చుట్టాలు వస్తే రోజుకి ఇంత అని ముందే మాట్లాడుకో. మిగతా రెండు ఇళ్ళల్లో కూడా. బ్రహ్మోత్సవాలప్పుడు నన్ను తలుచుకుంటావు.

సెలవులు కూడా ఇప్పుడే. నెలకి రెండు అని కొందరు, నాలుగు అని కొందరు ఇస్తారు, ఎన్నైనా ముందే అనుకుంటే జీతం కోసే గొడవ ఉండదు. మే నెలలో గంగ జాతరకి రెండు రోజులు రాను అని ఇప్పుడే చెప్పేయి, ఆ వారం నువ్వు రాకపోయినా తిరుపతి వాళ్ళు ఎవరూ ఏమీ అనలేరు. మన రాష్ట్రంలో కనీస వేతనాల కిందకి వచ్చే పనుల్లో ఇంటి పని కూడా ఉంది, కానీ దాన్ని అడిగేవాళ్ళు లేరు, అందరూ నోటి మాట మీదే నడిపిస్తా ఉండారు. సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఇంటి పనివాళ్ళకి ప్రత్యేక చట్టం గురించి ఆలోచించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. అది వచ్చేదాకా నీ కాగితమే నీ చట్టం.

పని చేసే ఇంట్లో మగవాళ్ళు ఎవరైనా తేడాగా ప్రవర్తిస్తే, మాటతోనైనా సరే, పని చేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులు ఆపడానికి తెచ్చిన 2013 చట్టం ఇంటి పనివాళ్ళకి కూడా వర్తిస్తాది, జిల్లా లోకల్ కమిటీకి మూడు నెలల లోపల ఫిర్యాదు ఇవ్వొచ్చు. నీ ఉత్తరంలో అట్లాంటిది లేదు, ఉండకూడదనే కోరుకుంటా, కానీ దాచుకునే అలవాటు ఉన్న మనిషివి కాబట్టి చెప్తా ఉండా.

దొంగతనం అనుమానం గురించి అడిగినావు, ఎవరైనా అంటే ఏం చేయాలని. దీనికి నా తప్పు ఒకటి చెప్పుకోవాల. మా ఇంట్లో పని చేసే ఆమె పదకొండేళ్ళుగా ఉంది. ఒకరోజు నా చెవి కమ్మ ఒకటి కనిపించలేదు, నేను ఆమెని అనుమానించలేదు, అంటే అట్ల అనుకున్నా, కానీ "ఇక్కడ యాడన్నా చూసినావా" అని మూడుసార్లు అడిగినా. మూడోసారి ఆమె చీపురు పక్కన పెట్టేసి కొంగు విదిలించి చూపించింది. ఏమీ మాట్లాడలేదు. రెండు రోజులకి వాషింగ్ మెషీన్ డోర్ రబ్బరు మడతలో దొరికింది, సబ్బు నురగ ఎండి తెల్లగా అంటుకుని. సారీ చెప్పినా, ఆమె "పోనీలేమ్మా" అంది, కానీ ఇప్పటికీ మా బెడ్‌రూమ్ తుడిచేటప్పుడు తలుపు బార్లా తెరిచి నన్ను పిలుస్తాది. అందుకని నువ్వు మొదట్నుంచే ఆ పద్ధతి పెట్టుకో. బీరువా ఉన్న గది వాళ్ళు ఉన్నప్పుడే తుడువు, ఉతికే బట్టల జేబులు వాళ్ళ ముందే చూడు, ఇంటి తాళం చెవి మాత్రం ఎంత నమ్మకంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఎవరైనా గదిలో పెట్టి ఒళ్ళు తడిమి చూస్తామంటే, ఫోన్ లాక్కుంటే, వాళ్ళకి ఆ హక్కు లేదు, 112 కి చేయి.

పని మార్చుకోవాలా అని కూడా ఆలోచించినా. లాడ్జీల్లో, పెద్ద ఆసుపత్రుల్లో హౌస్‌కీపింగ్ పని కాంట్రాక్టర్ల ద్వారా దొరుకుతాది, సక్రమంగా నడిపే చోట పీఎఫ్, ఈఎస్ఐ కూడా ఉంటాయి, ఈఎస్ఐ అంటే ఇంట్లో అందరికీ వైద్యం, అది చిన్న విషయం కాదు. కానీ ఎనిమిది గంటల షిఫ్టు, నైట్ డ్యూటీ, కాంట్రాక్టర్ మారితే మళ్ళీ మొదటికి. కొడుకు ఎనిమిదిలో ఉండాడు, ఇప్పుడు నీకు మధ్యాహ్నం ఇల్లు కావాల. నేనైతే ఒక ఏడాది ఇట్లే చేసి చూడమంటా. ఈలోపల ఈ-శ్రమ్‌లో, అంటే నీలాంటి అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్‌లో, పేరు నమోదు చేయించుకో, ఆధార్, బ్యాంకు పాసుబుక్, ఫోన్ ఉంటే చాలు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా ఉంది, రెండు లక్షలది, తడి నేల మీద జారే పని చేసేవాళ్ళకి అది లేకపోతే ఎట్ల? శ్రమయోగి మాన్‌ధన్ పెన్షన్‌కి 40 దాటితే చేర్చుకోరు, నీకు రెండేళ్ళే టైముంది, నెలకి 200 లోపల నువ్వు ఎంత కడితే కేంద్రం అంతే వేస్తాది, 60 దాటినాక నెలకి 3,000.

ఆఖరుగా నీ చేతుల గురించి. వేళ్ళ సందుల్లో తోలు ఊడతా ఉంది, రాత్రి మంట అని రాసినావు. బోరు నీళ్ళ ఉప్పు మరకలు పోవాలని మేడం యాసిడ్ పోయమంటాది కదా, ఆ యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ చల్లొద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తాది, కిటికీ లేని బాత్రూములో ఊపిరి ఆడదు, మనిషి పడిపోతాది. ఒకటి కడిగేసినాకే ఇంకొకటి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని. గ్లౌజులు మూడిళ్ళ వాళ్ళనీ కొనిమ్మని అడుగు, సబ్బు వాళ్ళు కొనట్లేదా, ఇదీ అంతే. రాత్రికి కొబ్బరినూనె రాసుకుని పడుకో, వారంలో తగ్గకపోతే రుయా ఆసుపత్రిలో చర్మం డాక్టరుకి చూపించు. గ్లౌజులు మాత్రం ఒక సైజు పెద్దవి తీసుకో, సరిపోయేవి తీసుకుంటే చెమటకి బిగుసుకుని ఊడిరావు.