టాబ్లెట్ ఏదైనా కొనండి, కంట్రోల్-జెడ్ మీంచి మాత్రం చెయ్యి తీసేయండి

"నలభైకి దగ్గర పడుతున్నాను. స్కూల్లో సైన్స్ రికార్డు బొమ్మలు తప్ప ఏమీ గీసినవాణ్ణి కాదు. హాబీగా డిజిటల్ డ్రాయింగ్ నేర్చుకోవాలని ఉంది. తెర ఉన్న టాబ్లెట్ కొనాలా, లేనిది చాలా? చెయ్యి తిరగడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అని మీరు అడిగారు.

తెర లేనిది, అంటే పలక మీద పెన్నుతో గీస్తే బొమ్మ కంప్యూటర్ తెర మీద వచ్చేది, చాలు. వయసు అడ్డం కాదు. ఎన్నాళ్లంటారా, అన్‌డూ, అంటే గీసిన గీతని వెనక్కి తీసేసే కంట్రోల్-జెడ్, ఎంత తక్కువ వాడితే అంత త్వరగా వస్తుంది. ఈ మూడో మాట మీద నాకు చాలామందితో వాదనలయ్యాయి. అయినా తగ్గేది లేదు.

నేను ఆర్టిస్టుని కాను. విశాఖలో గాజువాక వైపు ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు చూస్తాను, ఇల్లు పెదవాల్తేరు. రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ తుడిచి, లాప్‌టాప్, టాబ్లెట్ పెట్టుకుని కూర్చుంటాను. తెర లేని టాబ్లెట్ అనగానే "చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట, మీవల్ల కాదు" అని భయపెట్టేవాళ్లు బోలెడుమంది. పదేళ్లుగా మౌస్ పట్టుకుని ఎక్సెల్‌లో కుస్తీ పడుతున్న మనిషికి ఇదేమన్నా కొత్తా? మౌస్‌ని చూస్తూ మౌస్ కదిపేవాళ్లు ఎవరున్నారు? కొన్ని వారాలకి మీకే తెలియకుండా అలవాటైపోతుంది. పైగా మెడ వంచక్కర్లేదు. తెర ఉన్న దాని మీద గంటసేపు వంగి గీస్తే మర్నాడు మెడ ఎటూ తిరగదు. అది ఇరవై వేలకి అటూ ఇటూ, ఇది మూడు నాలుగు వేలు. మిగిలిన డబ్బుతో మంచి కుర్చీ కొనుక్కోండి.

వాకామ్, హ్యూయాన్, ఎక్స్‌పీ-పెన్, ఏ కంపెనీదైనా ఒకటే. పెట్టె మీద "8192 ప్రెషర్ లెవెల్స్" అని, అంటే పెన్ను ఎంత గట్టిగా నొక్కామో అన్ని మెట్లలో గుర్తిస్తుందని, పెద్దక్షరాలతో ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోకండి, మన చేతికి అందులో పదో వంతు తేడా కూడా తెలియదు. చూడాల్సింది పెన్నులో బ్యాటరీ ఉందా లేదా అని. ఈ మధ్య వచ్చేవాటిలో చాలావాటికి ఉండదు. పలక కింద ఉన్న తీగల నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రమే పెన్నుకి కావలసిన కరెంటు ఇస్తుంది, చార్జింగ్ గొడవ లేదు.

ఇంకొకటి, ఇది కొన్నరోజే చేయండి. సున్నా గీస్తే తెర మీద కోలగా వస్తోందంటే లోపం మీ చేతిలో లేదు. మీ మానిటర్ పొడవు వెడల్పుల నిష్పత్తి, టాబ్లెట్ నిష్పత్తి కలవడం లేదు. టాబ్లెట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, సెట్టింగ్స్‌లో గీసే చోటుని తెరకి సరిపడా కుదించుకోవాలి. ఇది తెలియక "నాకు రాదు" అని టాబ్లెట్‌ని అటక ఎక్కించినవాళ్లు నాకే తెలుసు.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టకండి. బొమ్మలు గీసే క్రీటా ఉచితం, మన అవసరానికి ఎక్కువే. పెన్ను నొక్కినా గీత లావు మారకపోతే అందులో టాబ్లెట్ సెట్టింగ్స్‌కి వెళ్లి వింటాబ్, విండోస్ ఇంక్ (పెన్ను కదలికని కంప్యూటర్‌కి అందించే రెండు పద్ధతులు) రెండిట్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చి చూడండి. పాత టాబ్లెట్ డ్రైవర్ ఏదైనా ఉంటే ముందు దాన్ని తీసేయండి.

ఇక అసలు సంగతి, అన్‌డూ. దానికి ముందు హార్బర్ గురించి చెప్పాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్లకి వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. కొన్నిటిని ఒడ్డుకి లాగి రంగులు వేస్తుంటారు, నీడలో కూర్చుని వలలు బాగుచేస్తుంటారు. బొమ్మలు నేర్చుకునేవాడికి అంతకన్నా మంచి చోటు లేదు, ఎందుకంటే మోడల్ ఎటూ కదలదు. బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ కూడా కదలదు గానీ, దాన్ని ఊళ్లో ప్రతి డ్రాయింగ్ క్లాసు పిల్లాడూ గీసేశాడు.

ఓ ఆదివారం పొద్దున్నే వెళ్లి నీలం రంగు బోటొకటి చూసి, చిన్న నోటు పుస్తకంలో పెన్సిల్‌తో గీసుకుని, నాలుగు ఫోటోలు తీసుకుని వచ్చాను. రాత్రి క్రీటాలో మొదలుపెట్టాను. బోటు వెనక నుంచి ముక్కు దాకా వెళ్లే పక్క గీత ఉంటుంది కదా, ముందు కొంచెం దిగి, తర్వాత పైకి లేచే గీత. అదే ప్రాణం. చేతి వణుకుని సర్ది గీతని నున్నగా చేసే స్టెబిలైజర్ పెట్టుకుని గీయడం, నచ్చక తీసేయడం, మళ్లీ గీయడం. ఎడమచేతి రెండు వేళ్లు కంట్రోల్-జెడ్ మీదే కాపలా. చివరికి పెళ్లి కార్డు మీద వేసుకోవచ్చు అన్నంత నున్నటి గీత వచ్చింది.

వారం తిరిగేసరికి లాప్‌టాప్‌లో ఎడమవైపు కంట్రోల్ కీ పని చేయడం మానేసింది. సముద్రానికి ఇంత దగ్గరలో ఉంటే ఉప్పు గాలి దేన్నీ బతకనివ్వదు. మా కిటికీ గ్రిల్సు, ఫ్రిజ్ అడుగు, స్కూటర్ సైలెన్సర్, అన్నిటిదీ అదే కథ. రిపేరు షాపులో అడిగితే కీబోర్డు మొత్తం మార్చాలన్నారు, చెప్పిన ధర నా టాబ్లెట్ ధర కంటే ఎక్కువ. ఒక్క కీ కోసం కీబోర్డంతా మార్చడం ఏమిటో, అలా తయారు చేసినవాళ్లని అడగాలి. కుడివైపు కంట్రోల్ మా లాప్‌టాప్‌కి లేనే లేదు. టాబ్లెట్ మీది బటన్లకి అన్‌డూ పెట్టుకుందామంటే డ్రైవర్ అప్‌డేట్ అయినప్పటి నుంచి ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోనని మొండికేసింది. మెనూలోకి వెళ్లి నొక్కచ్చు నిజమే, ప్రతి గీతకీ అక్కడిదాకా పోయే ఓపిక ఎవరికుంది?

సరే కానిమ్మని అదే బోటుని అన్‌డూ లేకుండా గీశాను. స్టెబిలైజర్ కూడా ఆపేశాను. మణికట్టు బిగించకుండా భుజం నుంచి చెయ్యి లాగాలి, అప్పుడే పొడుగు గీత వస్తుంది. గీసే ముందు పెన్నుని పలకకి ఆనించకుండా గాల్లో రెండుసార్లు తిప్పుకున్నాను. ఫోటో వైపు అంతకుముందెప్పుడూ చూడనంతసేపు చూశాను, ఎందుకంటే గీసేశాక వెనక్కి తీసుకునేది లేదు. గీత వణికింది. మధ్యలో ఒకచోట చెక్క లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటే అది కూడా గీతలోకి వచ్చేసింది. మొదటి బొమ్మలో దాన్నే నేను ప్రతిసారీ అన్‌డూ చేసేశాను.

తర్వాతి ఆదివారం ఫోన్లో రెండు బొమ్మలూ పట్టుకుని వెళ్లి, వల బాగుచేసుకుంటున్న పెద్దాయనకి చూపించాను. నున్నటి బొమ్మ చూసి "బాగుంది బాబూ" అన్నాడు, చేతిలో పని ఆపలేదు. రెండోది చూడగానే వల పక్కన పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "ఇది మా సెల్లి కొడుకు బోటు కదేటి? ఇదిగో, ఇక్కడ సెక్క నొక్కుకుపోనాది. పోయినేడు జెట్టీకి గుద్దీసినాడు గుంటడు." ఇంకో ఇద్దరిని పిలిచి చూపించాడు. బోటు నంబరు పెద్దగా రాయమన్నాడు, ముక్కు దగ్గర గంగమ్మ తల్లి బొమ్మ వేయమన్నాడు, వాట్సాప్‌లో పంపమన్నాడు. అప్పటి నుంచి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు "మా బోటుదో?" అంటారు. వాళ్లకి గీయడం నాకు సరదాయే. చుట్టాలే "నీకు కంప్యూటర్లో బొమ్మలు వచ్చు కదా" అని గృహప్రవేశం కార్డు దగ్గర్నుంచి పుట్టినరోజు బ్యానర్ దాకా ఫ్రీగా చేయించుకుంటారు. మీకు నేర్చుకునే ఉద్దేశం ఉంటే ముందే చెబుతున్నా, మొదటి ఏడాది ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చూపించకండి.

ఆ కీ బాధ తర్వాత తీరింది, బయటి కీబోర్డు కొన్నాను. అయినా అన్‌డూ ముట్టుకోను. గీత నచ్చకపోతే పక్కనే ఇంకోటి గీస్తాను, లేదంటే కొత్త లేయర్ (బొమ్మ మీద పరిచే పారదర్శకమైన పొర) తీసి మొదటి నుంచి మొదలుపెడతాను. అనకాపల్లి పక్కన కశింకోటలో కూర్చుని చందమామకి ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారికి అన్‌డూ ఎక్కడిది? నీటిరంగు ఒకసారి కాగితం మీద పడ్డాక పడ్డట్టే. "ఆయన మహానుభావుడు, మనమెక్కడ" అంటారు. మరి అన్‌డూ అవసరం మనకే ఎక్కువైతే, మన కళ్లకి చూసే పని ఎప్పుడు పడుతుంది?

యూట్యూబ్ పాఠాల సంగతి ఎత్తకపోతే నాకు నిద్ర పట్టదు. పది వీడియోలు చూస్తే ఎనిమిదింటిలో పెద్ద కళ్ల జపాన్ అమ్మాయి మొహం. మిగతా రెండింటిలో బ్రష్ ప్యాక్‌ల అమ్మకం. క్రీటాతో వచ్చే బ్రష్షులే వందకి పైగా ఉంటాయి, అందులో నేను వాడేవి మూడు. మా తమ్ముడైతే "ఏఐని అడిగితే క్షణంలో బోటు బొమ్మ వచ్చేస్తుంది కదా" అంటాడు. వస్తుంది, చాలా అందంగా వస్తుంది. ఆ బోటుకి నొక్కుకుపోయిన చెక్క ఎక్కడుందో దానికెవరు చెప్పాలి?

కోర్సులో చేరాలా అని కూడా మీకు అనుమానం వస్తుంది. ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, అది డిగ్రీ చేసేవాళ్లకి. హాబీకి నోటు పుస్తకం, పెన్సిల్, ఒక ఆదివారం పొద్దున చాలు. క్రీటాలో ఎమ్ నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది, వంకరలన్నీ అప్పుడు బయటపడతాయి. నాకు మేష్టారు అదే.

టాబ్లెట్ మరీ చిన్నది కాకుండా మీ అరచేతికి రెండింతలుండేది తీసుకోండి, భుజం నుంచి గీయడానికి చోటు ఉండాలి. విడి నిబ్బులు పెట్టెలోనే వస్తాయి, గరుకు పలక మీద త్వరగా అరుగుతాయి కాబట్టి ఎక్కడ పెట్టారో గుర్తుపెట్టుకోండి. హార్బర్‌కి మాత్రం జూన్ 14 లోపు వెళ్లండి, ఎండెక్కకముందే. ఆ తర్వాత బోట్లు వేటకి వెళ్లిపోతాయి, ఉన్నా ఐసు, డీజిల్ ఎక్కించే హడావుడిలో మిమ్మల్ని నిలబడనివ్వరు.