ఏదీ నిశ్చయం కాకపోతే ఓడ ఎక్కడం ఎలా?

ప్రశ్న: దేన్నీ నిశ్చయంగా తెలుసుకోలేమని వాదించిన ప్రాచీన రోమన్ తాత్వికుడు సిసెరో మరి ఏ భరోసాతో ఏ పనైనా చేసేవాడు?

జవాబు: నిశ్చయమైన జ్ఞానం సాధ్యమేనని నమ్మిన ప్రాచీన తత్వశాఖవాళ్లు, స్టోయిక్కులు, అడిగిన ప్రశ్నే ఇది. క్రీ.పూ. 45లో రాసిన ‘అకడెమికా’లో సిసెరో దీనికి ఓడ ప్రయాణంతో బదులిచ్చాడు. ఓడ ఎక్కే జ్ఞానికి క్షేమంగా చేరతానని ముందే తెలియదు. అయినా ఓడ గట్టిదై, నడిపేవాడు నేర్పరియై, సముద్రం ప్రశాంతంగా ఉండి, వెళ్లవలసింది 30 స్టేడియాల (సుమారు ఐదున్నర కిలోమీటర్ల) దూరంలోని ఇటలీ రేవు ప్యుటియోలీకే అయితే, చేరడమే సంభావ్యమని ఎంచి బయలుదేరతాడు. నిశ్చయం లేకున్నా ఆచరణకు సంభావ్యత చాలునన్నది ఆయన పక్షం.

జ్ఞానం ఎలా కలుగుతుందో చూపడానికి స్టోయిక్కు గురువు జీనో చేసిన చేతి సైగలను సిసెరో వర్ణించిన తీరు మరింత రుచిగా ఉంటుంది. చాచిన అరచేయి మనసుకు తోచినది, కొద్దిగా ముడిచిన వేళ్లు దానికి మన అంగీకారం, బిగించిన పిడికిలి గ్రహింపు. ఆ పిడికిలిని ఎడమచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంటే అదే జ్ఞానం, అది జ్ఞానికి మాత్రమే దక్కుతుంది. ఇంతా చెప్పి, ఆ జ్ఞాని ఎవరో, మునుపెవరైనా ఉన్నారో లేదో స్టోయిక్కులే చెప్పరని సిసెరో చురక వేస్తాడు. నా మటుకు, పుస్తకం మొత్తంలో పదునైన దెబ్బ ఇదే.