ఆ మేస్త్రిని మాట్లాడనియ్యి తమ్మీ

తమ్మీ,

ముసల్మాను మేస్త్రి, పాస్టరు కొడుకు ఖురాన్, బైబిల్ మీద వాదించుకునే నీ కథ రెండుసార్లు చదివిన. మొదటిసారి నాలుగో పేజీ కాడ కాగితాలు పక్కకు పెట్టేసిన. వాదం వేడెక్కంగనే నీ మేస్త్రి ఖురాన్‌ను నేల మీద పెట్టి చేతులు తిప్పుకుంట మాట్లాడిండు. ఏ ముసల్మాను పెడతడు అట్ల? ఆ మనిషి నీకు తెల్వదని చెప్పేటందుకు అదొక్కటి చాలు. పాస్టరు కొడుకుకు పేజీన్నర మాటలిచ్చినవు, మేస్త్రికి మూడు వాక్యాలు. నాలుగో వాక్యానికి తల దించేసిండు.

పదో తరగతి తప్పినంక నేను నల్లగొండ ప్రకాశం బజార్‌ల పుస్తకాలకు జిల్దు కట్టే దుకాణంల రెండేండ్లు పని చేసిన. ఖురాన్ వస్తే దుకాణం సాబు వజూ చేసి, అంటే నమాజుకు ముందర లెక్క చేతులు, మొఖం, కాళ్లు కడుక్కొచ్చి ముట్టేటోడు, అన్ని పుస్తకాల కంటె పైన పెట్టేటోడు. అంచులు కోసినప్పుడు అక్షరమున్న ముక్క ఒక్కటి పడ్డా ఏరి సంచిల వేసి, తీస్కపోయి పూడ్చి వచ్చేటోడు. బైబిళ్లు ఇంకో తీరుగ వచ్చేటివి. వాక్యాల కింద ఎర్రగీతలు, నీలంగీతలు, పక్కన పెన్సిలు రాతలు, ముందటి ఖాళీ పేజీల పిల్లలు పుట్టిన తారీఖులు. ఒకామె బైబిల్ల కీర్తనల కాడ కాగితం తడిసి ఉబ్బిపోయి ఉండె. తన రాతలు తెగకుండ కోయమని బతిమాలింది.

నీ వాదమంతా ఆ రెండు పుస్తకాల మీదనే ఉన్నది, నువ్వు చూడలే. ముసల్మానుకు ఖురాన్ జిబ్రీల్ దేవదూత తెచ్చిన దేవుని మాట, 23 ఏండ్ల పొడుగునా అరబ్బీల దిగిన మాట. అండ్ల మనిషి చెయ్యి లేకపోవుడే దాని అధికారం. క్రైస్తవునికి మనుషులే రాసిండ్రు, దైవావేశంతోని రాసిండ్రు. కండ్లార చూసినోళ్లు చెప్పింది తరచి తెలుసుకొని రాస్తున్ననని లూకా తన సువార్త మొదట్లనే థెయొఫిలాకు చెప్తడు, దాచుకోడు. వాక్యమే శరీరధారి అయిందని నమ్మేటోనికి మనిషి చెయ్యి మరకెట్లయితది? ఒక్క పాఠభేదం, అంటే ఒక ప్రతికీ ఇంకో ప్రతికీ మాటల తేడా, చూపెడితే మేస్త్రి గెలిచిననుకుంటడు. పాస్టరు కొడుకుకు దెబ్బే తాకదు.

1854 ఏప్రిల్‌ల ఆగ్రాల గదే అయింది. జర్మన్ మిషనరీ ఫాండర్, మౌలానా రహమతుల్లా కైరానవీ రెండు రోజులు వాదించుకున్నరు. వ్రాతప్రతులల్ల తేడాలున్నయని ఫాండర్ ఒప్పుకున్నడు, అసలు బోధ చెడలేదన్నడు. మార్పు జొరబడ్డంక దైవవాక్కని ఎట్ల నమ్మాలన్నది మౌలానా పట్టు. తర్వాత రెండు పక్షాలూ మేమే గెలిచినమన్నయి.

ఇట్లాంటి కథనే ముప్ఫయ్యేండ్ల కింద నేనొక వారపత్రికకు పంపిన. సాబు మాటలు రాయనీకి ఆర్నెల్లు ఆయన పక్కన కూసున్న. ఎవరు గెలిచిండ్రో తేలలేదని సంపాదకుడు తిప్పి పంపిండు. ఇయ్యాల్టి సంపాదకులకు ఇంకో పిచ్చి: ఆఖర్ల దేవుడొక్కడే అనిపించి ఇద్దరికీ చాయ్ తాగించాలె. రెండూ అబద్ధమే. నువ్వు ఒప్పుకోని మనిషికి నీ దగ్గరున్న మాటలల్ల మంచియి ఇయ్యాలె. ఆయన మాట చదివి నీకు ఒక్క రాత్రి నిద్ర పట్టకపోతే అప్పుడు పాస్టరు కొడుకుతోని జవాబు చెప్పించు. జవాబు దొరకకపోతే దొరకలేదనే రాయి.

ఏ పత్రికకు పంపాలె, కలం పేరు ఉండాల్నా అని అడిగినవు. ముందు కథ సంగతి చూడు.

మేస్త్రి భార్య దీపం ఆర్పే ముందర గ్రంథం గుడ్డ ముడి సర్ది అల్మారీ మీద పెట్టే రెండు లైన్లు ఉన్నయి చూడు, అవి నిజం. అట్ల ముడేసే ఇంట్ల ఆ గ్రంథం నేల మీదికి రాదు. అక్కడికెల్లి మళ్ల రాసి పంపు.