"నీకు అర్థం కాదులే, పడుకో" అంటున్నారు

మాది పర్లాకిమిడి. పుట్టిల్లు పాతపట్నం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. మావారిది ఒడియా మీడియం, ఇంగ్లిష్ బాగా వచ్చు. తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. మా వైపు శుభలేఖలు వస్తే నేనే చదివి వినిపిస్తాను. రోజూ రాత్రి పదిన్నరకు 'సూపర్‌నేచురల్' అనే అమెరికా సీరియల్ పెడతారు. మొదట్లో నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నారు. మాటలు ఇంగ్లిష్, కింద వచ్చే అక్షరాలూ ఇంగ్లిషే. నేను పై లైను చదివేలోగా రెండూ మాయమైపోతాయి. "ఏమన్నాడు?" అంటే ఆపి చెప్పేవారు. ఇప్పుడు "నీకు అర్థం కాదులే, పడుకో" అంటున్నారు. పన్నెండు దాటాక వచ్చి పడుకుంటారు. నేను ఐదింటికి లేవాలి. హాల్లో నానమ్మ పక్కన పడుకునే ఆరేళ్ల బాబు మొన్న నిద్రలో ఉలిక్కిపడి ఏడిస్తే, అత్తగారు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి, దెయ్యాల బొమ్మ ఇంట్లో వెయ్యొద్దన్నారు. నేను ఇంగ్లిష్ నేర్చుకోవాలా, ఆయన్ని మాన్పించాలా?

రెండూ వద్దమ్మా. ఇంగ్లిష్ నేర్చుకుంటానంటే మంచిదే, కానీ ఈ ఏడుపు కోసం కాదు. మీకు గుచ్చుకున్నది సీరియల్ కాదు, ఆ "పడుకో" అన్న మాట. అది ఆయనకు తెలియాలి. రాత్రి టీవీ ముందు మాత్రం కదపకండి. ఆదివారం పొద్దున టీ తాగేటప్పుడు చెప్పండి. "శుభలేఖ చదవమని ఇచ్చినప్పుడు, మీకు అర్థం కాదులే అని నేను ఎప్పుడైనా అన్నానా?" అని నవ్వుతూనే అడగండి. అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. జనం మాట్లాడే తెలుగు కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. అక్కడ కూర్చుని ఇంగ్లిష్ లైను అందలేదని సిగ్గుపడకండి.

ఇక టైము సంగతి. ఆ సీరియల్ 2005లో మొదలై 2020లో ముగిసింది. 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు, ఒక్కోటి ముప్పావుగంటకు కాస్త తక్కువ. రోజుకు రెండు చూసినా ఐదున్నర నెలలు పడుతుంది. అన్నాళ్లు మీ నిద్ర పాడుచేసుకోవడం కుదరదు. అయినా అది ఎక్కడికీ పోదు, పాత దూరదర్శన్ సీరియల్‌లా ఆ గంట దాటితే పోయే రకం కాదు. శనివారం ఒక ఎపిసోడ్ ఇద్దరికీ అనుకోండి, మొదటి నుంచి. మిగతా రాత్రులు ఆయన ఒక్కటే చూడాలి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. ఒకటి అవగానే తర్వాతిది దానంతటదే మొదలయ్యే సెట్టింగ్ ఆపేయమనండి. పన్నెండు దాటడానికి సగం కారణం అదే.

చదవడం అందకపోతే, చాలా యాప్‌లలో వేగం తగ్గించే ఆప్షన్ ఉంటుంది. కాస్త తగ్గిస్తే అక్షరాలు ఎక్కువసేపు నిలుస్తాయి. అక్షరాల సైజు పెంచుకోవచ్చు. అన్నిటికన్నా మంచిది, మొదలుపెట్టే ముందు ఆయన రెండు నిమిషాలు కథ తెలుగులో చెప్పడం. నిజానికి కథ కష్టమైనదేం కాదు. తల్లిని దుష్టశక్తి చంపేసింది, తండ్రి కనిపించడం లేదు, అన్నదమ్ములిద్దరూ నల్ల కారులో ఊరూరా తిరుగుతూ దెయ్యాల పని పడుతుంటారు. మొదట్లో చాలావరకు ఎపిసోడ్‌కో దెయ్యం, ఆ రాత్రికి ఆ కథ అయిపోతుంది. నేనైతే అన్నదమ్ముల గొడవల కోసమే చూస్తాను.

బాబు విషయంలో అత్తగారి మాట కొట్టిపారేయకండి. పిల్లాడు పడుకునే హాల్లో అరుపులు వినిపిస్తుంటే ఉలిక్కిపడడా? టీవీ మీ గదిలోకి మార్చలేకపోతే ఆయన్ని ఫోన్లో చూసుకోమనండి. అప్పటికీ వారాల తరబడి అలాగే లేస్తుంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

అన్నట్టు, ఆ అన్నదమ్ములు కూడా దెయ్యం రాకుండా గుమ్మానికి అడ్డంగా ఉప్పే పోస్తారు. ఈ ముక్క అత్తగారికి చెప్పే పని మాత్రం మీవారికే అప్పజెప్పండి.